కట్టెల బాయిలర్ కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది పాత ఇల్లు. గ్యాస్ బాయిలర్‌తో నీళ్లు కాగి గదుల్లోని రేడియేటర్లకు వెళ్తాయి. బిల్లులు భరించలేక కట్టెల బాయిలర్‌కు మారాలనుకుంటున్నాం. బాయిలర్ ధరలో సగం అత్యవసర నిధి నుంచి తీసి, మిగతా సగానికి ఏడేళ్ల లోను తీసుకుందామని ఆలోచన. సరైనదేనా?

జవాబు: ఆలోచన మంచిదే కానీ ఈ ఏడాది వద్దు. అత్యవసర నిధిని అసలే ముట్టుకోకండి.

మీ లెక్కలో బాయిలర్ ధర ఒక్కటే ఉంది. కట్టెల మంట జోరుగా మండితేనే మేలు. గాలి తగ్గించి అణచిపెడితే పొగగొట్టంలో తారు పేరుకుంటుంది, దానికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే మిగులు వేడిని దాచే నీళ్ల ట్యాంకు కావాలి. వెయ్యి లీటర్ల నీటిని 40 డిగ్రీలు వేడెక్కిస్తే సుమారు 46 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి నిల్వ ఉంటుంది. గంటకు 8 యూనిట్లు కోల్పోయే ఇంటికి అది ఆరు గంటలైనా రాదు. పైగా నీళ్ల బరువే టన్ను, నేల మోయగలదో లేదో చూపించుకోండి. పొగగొట్టానికి లోపలి గొట్టం, చల్లటి నీరు నేరుగా బాయిలర్‌లోకి రాకుండా వాల్వు, కరెంటు పోయి పంపు ఆగినా నీళ్లు మరిగిపోకుండా రక్షణ... ఇవన్నీ కలిపిన కొటేషనే అడగండి.

కట్టెలకూ పెట్టుబడి కావాలి. బరువులో సగం నీరున్న పచ్చికట్టె కిలోకు రెండు యూనిట్ల పైచిలుకు వేడి ఇస్తే, తేమ 20 శాతానికి తగ్గిన కట్టె సుమారు నాలుగు ఇస్తుంది. అలా ఆరడానికి ఏడాది, గట్టి కలపైతే రెండేళ్లు పడుతుంది. అంటే వచ్చే చలికాలం కట్టెల డబ్బు ఇప్పుడే పెట్టాలి, ఈ చలికాలం గ్యాస్ బిల్లూ కట్టాలి. కట్టెలు చవకే అనుకున్నా, కోసి, పేర్చి, రోజూ మంట వేసేదెవరు?

కాబట్టి ముందు ఇల్లు ఎంత వేడి పోగొట్టుకుంటోందో లెక్క కట్టించండి. అటకకు ఇన్సులేషన్ వేయించి, తలుపుల సందులు మూయించండి. దాంతో గ్యాస్ బిల్లూ తగ్గుతుంది, బహుశా చిన్న బాయిలరే సరిపోతుంది. ఈ చలికాలం గ్యాస్ బిల్లు చేతికొచ్చాక, అందులోంచి కట్టెల ఖర్చు, పొగగొట్టం శుభ్రం చేయించే ఖర్చు తీసేయండి. మిగిలేది ఏడాది ఈఎంఐల కన్నా తక్కువైతే లోను జోలికి పోవద్దు.

పెట్టించే ముందు ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. పాత గ్యాస్ బాయిలర్‌ను మాత్రం అమ్మకండి. మీరు ఊళ్లో లేనప్పుడు పైపులు గడ్డకట్టకుండా కాపాడేది అదే.