పాఠకుల ప్రశ్నలు: అమ్మాయి ఇంజినీరింగ్‌కు ఎంతవరకు అప్పు చేయవచ్చు?

ప్రశ్న: నేను ఇంట్లో బట్టలు కుడతాను, మావారు ఒక దుకాణంలో గుమాస్తా. మా అమ్మాయికి ఈఏపీసెట్ ర్యాంకుతో గుంటూరు దగ్గరి కళాశాలలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 60 వేలు. బంధువులేమో హైదరాబాద్‌లో పేరున్న కళాశాలలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకోమంటున్నారు. అక్కడ ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి రెండున్నర లక్షలవుతుంది. మేము నెలకు 5 వేలకు మించి మిగల్చలేము. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఇల్లు తాకట్టు పెట్టవద్దు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా బ్యాంకులు ఆస్తిని హామీగా అడుగుతాయి కనుక, హైదరాబాద్ సీటు ఎంచుకుంటే మీ ఇంటి పత్రాలు బ్యాంకుకు వెళ్లడం దాదాపు ఖాయం. చదువు సాగే నాలుగేళ్లు, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టనవసరం లేదన్న మాట నిజమే కానీ, ఆ కాలమంతా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పది శాతం సాధారణ వడ్డీ అనుకుని లెక్క వేస్తే, ఏటా రెండున్నర లక్షల చొప్పున తీసుకున్న 10 లక్షలు వాయిదాలు మొదలయ్యే నాటికి పదమూడున్నర లక్షలవుతాయి. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,800 రూపాయలు కట్టాలి. మొదటి ఉద్యోగంలో చేరిన ఆడపిల్ల మీద అంత బరువు మోపడం నాకు న్యాయంగా తోచదు.

గుంటూరు సీటు లెక్క వేరు. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లివచ్చేవారు ఎందరో ఉన్నారు. సీజన్ టికెట్ తీసుకుని, ఇంటి నుంచి క్యారేజీ పట్టుకెళితే హాస్టల్ ఖర్చు ఉండదు. ఫీజు, ప్రయాణం, పుస్తకాలు, పరీక్ష రుసుములు కలిపి ఏడాదికి లక్ష అనుకున్నా, మీరు మిగల్చగల 60 వేలు పోగా లోటు 40 వేలే. అప్పు ఆ లోటుకు మాత్రమే తీసుకోండి. బ్యాంకు ఎక్కువ మంజూరు చేసినా, ఏ ఏటికి కావలసింది ఆ ఏడే విడిపించుకోండి. ఆ అప్పు మీద వడ్డీ మొదటి ఏడాది నెలకు 330 రూపాయలు, నాలుగో ఏడాదికి 1,330 దాకా ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు కట్టేస్తే చదువయ్యాక మిగిలేది అసలు 1,60,000 మాత్రమే. పైగా చదువుకునే కాలంలో వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు ఒక శాతం తగ్గింపు కూడా ఇస్తాయి.

ఆ లోటు కూడా తగ్గే దారి ఉంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి ఉపకార వేతనం ఏడాదికి 50 వేలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపున్న, మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిలకు ప్రతిభ ఆధారంగా ఇస్తారు. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా దరఖాస్తు చేయండి. రెండూ కలిపి తీసుకోవచ్చో లేదో నిబంధనల్లో ముందే చూసుకోండి. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైతే కళాశాల ఫీజు కోసం ఒత్తిడి చేయవచ్చు. ఆ కంగారులో నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తేవద్దు. అది ఏడాదికి 24 శాతం, అంటే నేను లెక్క వేసిన బ్యాంకు వడ్డీకి రెండింతలకు పైనే. ఒక సెమిస్టర్ ఫీజుకు సరిపడా సొమ్ము ఎప్పుడూ విడిగా ఉంచుకోండి.

పుస్తకాలు సీనియర్ల దగ్గర కొనవచ్చు. పాఠాలకు ఐఐటీ ఆచార్యులు చెప్పిన ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. తిండి దగ్గర మాత్రం పొదుపు చేయించకండి. ట్యూషన్లు చెప్పి సంపాదిస్తానని అమ్మాయి అంటే మొదటి రెండు సెమిస్టర్లూ వద్దనండి, ఎందుకంటే ఒక్క సబ్జెక్టు తప్పినా మళ్లీ పరీక్ష రుసుము కట్టాలి, బ్యాక్‌లాగ్ ఉన్నవారిని క్యాంపస్ నియామకాలకు అనుమతించని కంపెనీలూ ఉన్నాయి.

ఫీజు కట్టే తేదీకి ముందే సీటు కేటాయింపు పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. ఆడపిల్లలకు వడ్డీ తగ్గింపు ఉందా, గడువుకు ముందే అప్పు తీరిస్తే రుసుము వేస్తారా అని మేనేజరును అడిగి, సంతకం చేసేముందు మంజూరు పత్రంలో ఆ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.