పాత సర్కారు కాగితాలు చదవబోయే మనవరాలికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. కృష్ణా జిల్లా పాత రికార్డుల మీద పీహెచ్‌డీ చేస్తానంటే మీ నాన్న నవ్వాడట. నవ్వనీ. మన ఇళ్లలో ఈ కాగితాల జోలికి పోయేది పొలం తగాదా వచ్చినప్పుడే, అదీ లాయరు అడిగితేనే.

గెజిట్‌లో, అంటే సర్కారు అచ్చు వేసే ప్రకటనల పత్రికలో, ఉన్నది ఉన్నట్టు ఊళ్లో జరిగిందని రాయొచ్చా అని అడిగావు. రాయకూడదు. ప్రకటన అనేది కచేరీ, అంటే సర్కారు ఆఫీసు, ఏం జరగాలనుకుందో చెబుతుంది. ఏం జరిగిందో ఆ తరవాత పుట్టిన కాగితాల్లో వెతుక్కోవాలి. నిజానికి నీ పనంతా ఆ వెతుకులాటే.

ముందు తేదీల సంగతి చూడు. రెవెన్యూ లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1855 నుంచి ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1280 అంటే 1870 జులై నుంచి 1871 జూన్ దాకా అన్నమాట. ప్రకటన ఇంగ్లీషు తేదీతోనూ, దాని తాలూకు లెక్క ఫసలీతోనూ ఉంటుంది కాబట్టి జనవరి నుంచి జూన్ వరకు వచ్చిన కాగితాల దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకో. నందిగామ దాటి నిజాం ఇలాకాలోకి వెళ్లావా, అక్కడా ఫసలీయే, కానీ అది అక్టోబరు ప్రాంతంలో మారుతుంది. సరిహద్దు ఊళ్ల మీద రాసేవాళ్లు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

తరవాత జిల్లా ఏదో తేల్చుకో. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు, రాజమండ్రి జిల్లా గోదావరి జిల్లా అయింది. గుంటూరు మళ్లీ జిల్లా అయింది 1904లో. ఈ మధ్య కాలంలో గుంటూరు ఊరి కాగితం కావాలంటే కృష్ణా కట్టల్లో చూడాలి. ఒంగోలు కావాలంటే నెల్లూరులో చూడాలి. ఊళ్ల పేర్లకు ఇంగ్లీషు దొర చెవికి ఎలా వినబడితే అలా స్పెల్లింగు. ఎల్లోరు అంటే ఏలూరు, కొకనాడా అంటే కాకినాడ, చికాకోల్ అంటే శ్రీకాకుళం. పెద్ద ఊళ్లు సులువే. చిన్న ఊళ్లకు మాత్రం తాలూకావారీగా నీ సొంత పట్టిక ఒకటి తయారు చేసుకో.

ఇక గెజిట్ల విషయం. ఫోర్ట్ సెంట్ జార్జ్ గెజిట్ 1832 నుంచి వచ్చేది. అది మద్రాసు సర్కారుది. జిల్లా గెజిట్లు వేరు, వాటిలో తెలుగు కూడా ఉంటుంది. నువ్వు పెద్ద గెజిట్‌లో నియామకాలు, సెలవులు, బదిలీల పేజీలు దాటేసి చట్టాలు, ఉత్తర్వుల ఫోటోలు మాత్రమే తీశావు. ఆ దాటేసినవే నీకు ఎక్కువ పనికొస్తాయి. ఫలానా హుకుం వచ్చిన నెలలో కలెక్టరు సెలవులో ఉన్నాడా, ఆ తాలూకాకు తాశీల్దారు కొత్తగా వచ్చాడా అన్నది అక్కడే తెలుస్తుంది. కొత్త మనిషి వచ్చిన ఏడాది కిందివాళ్ల మీద గదమాయింపు ఎక్కువ. ఇది నా సర్వీసులో చూసి చెబుతున్న మాట.

గెజిట్ అంటే అందరి మాటా వేసే పత్రిక అనుకోకు. 1844లో గాజుల లక్ష్మీనరసు చెట్టి మద్రాసులో క్రెసెంట్ పత్రిక పెట్టినప్పుడు దాని ప్రకటనను గెజిట్‌లో వేయడానికి సర్కారు ఒప్పుకోలేదు. పేజీలో ఏముందో చూసేటప్పుడు, దాంట్లోకి ఎవరిని రానివ్వలేదో కూడా గుర్తుంచుకో.

నువ్వు పంపినవాటిలో శిస్తు బకాయికి భూమి వేలం ప్రకటనలే ఎక్కువున్నాయి. వీటి గురించి వివరంగా చెబుతాను. ఇవి 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద వచ్చినవి, అది రెండో నంబరు చట్టం. బకాయిదారు పేరు, భూమి ఎక్కడుంది, ఎంత విస్తీర్ణం, శిస్తు ఎంత, వేలం ఎప్పుడు అన్నవి ఇంగ్లీషులోనూ జిల్లా భాషలోనూ రాయాలి. కలెక్టరు ఆఫీసులో, తాలూకా కచేరీలో, దగ్గరి పోలీసు స్టేషనులో, ఆ భూమి మీద కంటికి కనబడే చోట, వేలానికి కనీసం నెల ముందు అంటించాలి. పాడుకున్నవాడు అక్కడికక్కడే నూటికి 15 వంతులు కట్టాలి, మిగతాది 30 రోజుల్లో కట్టాలి. చదివితే ఎంత పకడ్బందీగా ఉందో అనిపిస్తుంది.

అదే చట్టంలో ఇంకో సెక్షను ఉంది. వేలానికి ముందు రోజు సూర్యాస్తమయం లోపు బకాయి, వడ్డీ, ఖర్చులు తెచ్చి కట్టేస్తే వేలం ఆగిపోతుంది. కట్టేది రైతే కానక్కర్లేదు. అతని తరఫున ఎవరైనా, ఆ భూమిలో హక్కుందనేవాడెవడైనా కట్టొచ్చు. అప్పుడు ఆ సాయంత్రం లోపు డబ్బెవరు తెచ్చారు? బావమరిదా, షావుకారా? షావుకారు తెస్తే ఆ తరవాత పంట ఎవరింటికి చేరింది? గెజిట్ ఇవేవీ చెప్పదు. వేలం వేస్తామని అచ్చు వేస్తుంది, ఆగిపోయిందని పనిగట్టుకుని అచ్చు వేయదు. అందుకే ప్రకటనలు లెక్కపెట్టి, ఇంతమంది రైతులు భూములు పోగొట్టుకున్నారని రాస్తే తప్పు. ప్రకటనలోని ఊరు, సర్వే నంబరు రాసుకుని, తరవాతి రెండు మూడు ఫసలీల జమాబందీ (ఏటా శిస్తు తేల్చే) లెక్కలు, అడంగళ్లు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే ఊరి లెక్కలు) చూడు. పట్టా అదే పేరు మీద ఉంటే వేలం జరగలేదని, లేదా ఇంటివాళ్లే ఎవరో పాడుకున్నారని అనుకోవచ్చు. కొత్త పేరుంటే ఆ పేరు ఇంకా ఎన్ని పట్టాల్లో ఉందో వెతుకు. సర్కారే పాడుకుని ఉంటే ఆ నేల బంజరు పద్దులో కనబడుతుంది. కొన్నాళ్లకు దాని కోసమే దర్ఖాస్తు పెట్టినవాడు పాత పట్టాదారే కావచ్చు. ఆ కాగితం దొరికితే దాచుకో, దాని మీద ఒక అధ్యాయం రాయొచ్చు.

ఊళ్లో ఆ ప్రకటన చదివిందెవరు అన్నది కూడా ఆలోచించు. కచేరీ గోడకు కాగితం అంటించారు సరే. ఊరికి తెలిసేది టముకు వల్ల. టముకు వేసే వెట్టివాడికి చదువు రాదు. కరణం ఏం చెబితే అది వీధి వీధినా చాటేవాడు. ఏం చెప్పించాలో, ఎంత చెప్పించాలో, ఏ పేటలో గట్టిగా చాటించాలో అంతా కరణం చేతిలో పని. పైకి మాత్రం చాటింపు వేయించడమైనదని ఒక ముక్క వెళుతుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఇంకా కరణాలు, మునసబులు ఉన్నారు. వాళ్లను తీసేసింది 1984లో కదా. చాటింపే వేయకుండా వేసినట్టు రాసిచ్చిన కాగితాలు నా బల్ల మీదికి కూడా వచ్చాయి. కరణాలంతా దొంగలనడం లేదు. వాళ్ల లెక్కలే లేకపోతే ఇప్పుడు నీకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఆ లెక్కల్లో వెట్టివాడి పేరు దొరకదు, దొరికితే అతని జీతం పద్దులోనో మాన్యం పద్దులోనో దొరకాలి. అక్కడ వెతుకు.

పై అధికారుల కాగితాలు అంతా బాగుందంటుంటే రైతుల అర్జీలు చూడు. శిస్తు వసూలుకి రైతులను హింసిస్తున్నారన్న గొడవ పార్లమెంటు దాకా వెళ్లి, 1854లో మద్రాసులో కమిషన్ వేశారు. ఫిర్యాదులుంటే తెమ్మని ప్రకటన ఇచ్చారు. కమిషన్ కూర్చున్నదేమో మద్రాసులో! రైలు లేని రోజుల్లో అంత దూరం ఎంతమంది వెళ్లగలరు? అయినా దూర జిల్లాల నుంచి జనం వెళ్లారు. హింస నిజమేనని కమిషన్ 1855లో రిపోర్టు ఇచ్చింది. వేళ్లు నొక్కే కిట్టి గురించి అందులో ఉంది. అదే కాలపు జమాబందీ రిపోర్టుల్లో వసూళ్లు సజావుగా సాగాయని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అంటే శిస్తు మాఫీ మీద ఇచ్చిన మాన్యాల చిట్టా, దాని దగ్గర ఇంకో రకం జాగ్రత్త కావాలి. 1858లో ఇనాం కమిషన్ పెట్టి, ఏ మాన్యం ఎవరిచ్చారో అడిగి రాయించారు. 50 ఏళ్ల అనుభవం చూపిస్తే హక్కు ఒప్పుకునే పద్ధతి ఉండేది. ఇంక ఎవరు ఊరుకుంటారు? ప్రతివాడికీ ఒక పెద్ద జమీందారు దాతగా దొరికాడు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దాతే, ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఇచ్చాడని చెప్పినవన్నీ ఆయనే ఇచ్చాడని రాయకు.

అంకెలు చూసి టెన్షన్ పడకు. పాత తెలుగు లెక్కల్లో నిలువు గీతలు కాలు, అర, ముక్కాలు. అడ్డగీతలు వీసాలు, అంటే పదహారో వంతులు. ఈ రెండూ వస్తే చాలావరకు చదివేయొచ్చు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1818కి ముందు కాగితాల్లో వరహాలుంటే వరహాకు మూడున్నర రూపాయలు కట్టుకో.

ముందు చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు వెళ్లు, హైదరాబాదులో తార్నాక ఆర్కైవ్స్‌కు తరవాత. ఎగ్మూరులో సరాసరి గెజిట్ అడగకు. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ సూచికలు అడిగి, నీ తాలూకా పేరు కింద ఉన్న నంబర్లన్నీ రాసుకో. ఫోటో తీసే ముందు సంపుటం నంబరు, తేదీ, పేజీ ఒక చీటీ మీద రాసి దాంతో కలిపి తియ్యి. లేకపోతే ఇంటికి వచ్చాక ఏది ఎక్కడిదో తెలియదు. పెన్సిలు తీసుకెళ్లు, ఆ కాగితాల దగ్గర పెన్ను వద్దు. దుమ్ముకి గుడ్డ కట్టుకో, నీకు తుమ్ములు ఎక్కువ.

ఇట్లు,
మీ చినతాతయ్య