'నువ్వూ వాళ్ళలో ఒకడివా?' అని అడుగుతున్నారు

ప్రశ్న: అనంతపురంలో పీజీ చదువుతున్నాను. మా కాలేజీలో గే విద్యార్థులు ఏడెనిమిది మంది ఆదివారాలు ఒకచోట చేరి మాట్లాడుకునేవాళ్ళు. ఈమధ్య చర్చ పెట్టుకుంటామని నోటీసు అంటిస్తే ఎవరో చించేసి గోడ మీద బూతులు రాశారు. మెస్‌లో వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. వాళ్ళలో ఒకడు నా రూమ్మేట్. వాడి తరఫున మాట్లాడానని నన్నూ 'తేడా' అంటున్నారు. తాడిపత్రిలో మా నాన్నకు తెలిసి 'నీకెందుకురా ఆ గోల, చదువుకో' అన్నారు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 'తేడా' మాట సంగతి చూద్దాం, నిన్ను ఎక్కువ కుదిపింది అదేనని నీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. నువ్వూ వాళ్ళలో ఒకడివా అని అడగ్గానే 'ఛ, నేను అలాంటోణ్ణి కాదు' అని నోటికి వచ్చేస్తుంది, అది సహజమే, కానీ ఆ 'ఛ' పక్క మంచం మీద పడుకున్న నీ రూమ్మేట్‌కి ఎలా వినబడుతుందో ఒక్కసారి ఆలోచించు. అందుకే ఔననీ కాదనీ చెప్పొద్దు. 'అయితే నీకేంటి నష్టం?' అని అడిగి ఊరుకో. నాలుగు రోజులు విసిగిస్తారు, తర్వాత వాళ్ళకే బోరు కొడుతుంది.

ఇక గోడమీద రాతలు, మెస్‌లో వెలి. ఇవన్నీ 'కుర్రాళ్ళ సరదా' అని మీ వార్డెన్ అనొచ్చు. కాదు. 2009 నాటి యూజీసీ ర్యాగింగ్ నిబంధనలకు 2016లో సవరణ వచ్చింది. ఎవరి పట్ల ఆకర్షణ కలుగుతుందన్న కారణంతో (అంటే గే అనో మరొకటనో) తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినా అది ర్యాగింగే అని అందులో స్పష్టంగా ఉంది, సీనియరా జూనియరా అన్న తేడా కూడా లేదు. 'ఇది నేరం కదా, వీళ్ళకు చర్చలేంటి' అనే లెక్చరర్ ఎవరైనా తగిలితే స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఇచ్చిన తీర్పు గుర్తు చెయ్యి. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య సంబంధం అప్పటినుంచీ నేరం కాదు. (పెళ్ళి సంగతి వేరు, 2023లో కోర్టు దానికి ఒప్పుకోలేదు. ఆ రెండూ కలిపి వాదిస్తే దొరికిపోతావు.)

ఫిర్యాదు మాత్రం తొందరపడి రాయకు. మంచి మనసుతో చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. 'ఫలానా ఎనిమిది మంది గే విద్యార్థులను వేధిస్తున్నారు' అని పేర్లతో సహా రాశావనుకో, ఆ కాగితం ఆఫీసులో నాలుగు టేబుళ్ళు తిరిగేసరికి సాయంత్రం బస్సులోనే కబురు గుత్తికీ గుంతకల్లుకీ చేరిపోతుంది, వాళ్ళ ఇళ్ళలో తెలియని అమ్మానాన్నలుంటారు. నువ్వు చూసినది నీ పేరుతో రాయి. ఏ రోజు, ఏ గోడ మీద, ఏ మాటలు, ఫోటో. ఎవరి గురించి అన్నది రాయనక్కర్లేదు. కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకో. అక్కడ కదలకపోతే 1800-180-5522 హెల్ప్‌లైన్ ఉంది. ఇదంతా చేసేముందు నీ రూమ్మేట్‌ని అడుగు. వాడు వద్దంటే ఆగు, అది వాడి బతుకు.

మెస్ విషయంలో ఎవర్నీ అడగక్కర్లేదు. రేపు పొద్దున ఉగ్గాని బజ్జి ప్లేటు పట్టుకెళ్ళి వాళ్ళ బెంచీ మీదే కూర్చో.

మీ నాన్న మీద కోపం పెట్టుకోవద్దు. ఫీజు కట్టే మనిషి, కొడుక్కి గొడవ అంటుకుంటుందని భయం. ఆయనకు సెక్షన్లు చెప్పకు. రూమ్మేట్‌ని ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయానని చెప్పు, మార్కులు తగ్గకుండా చూసుకో.

ఇంకొకటి. నీ స్నేహితుడు నిద్రపోవట్లేదన్నా, తిండి మానేశాడన్నా 14416కి ఫోన్ చేయించు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు వాణ్ణి 'మామూలుగా మార్చే డాక్టర్' దగ్గరికి తీసుకెళ్తామంటే, అలా మారుస్తానని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పిందని వాడికి తెలిసుండాలి. ఆ సంగతి ఈ రాత్రే చెప్పు.