ఇంటర్నేషనల్ అఫైర్స్‌లో మాస్టర్స్‌కి కాలేజ్ ఎలా ఎంచుకోవాలి, ర్యాంకింగ్ చూస్తే చాలా?

చాలదండి. ముందు ఏ ఉద్యోగం కావాలో తేల్చుకోండి, ఎందుకంటే ఇది రీసెర్చ్ డిగ్రీ కాదు, పని నేర్పే డిగ్రీ, ఎక్కువ చోట్ల రెండేళ్లు. ఎకనమిక్స్ గట్టిగా కావాలంటే వాషింగ్టన్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళ సైస్ అనే స్కూల్ చూడండి (ఇటలీలో బొలోన్యాలో కూడా క్యాంపస్ ఉంది), లా, డిప్లొమసీ కలిపి కావాలంటే 1933లో మొదలైన, బోస్టన్ దగ్గర టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళ ఫ్లెచర్ స్కూల్, ఐక్యరాజ్యసమితి ఆఫీసులకి దగ్గర్లో ఉండాలంటే న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళ సీపా అనే స్కూల్, లేకపోతే జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్. ఊరు నిజంగా ముఖ్యం, క్లాసులు నడుస్తుండగానే ఇంటర్న్‌షిప్ చేయాలంటే ఆఫీసులు పక్కనే ఉండాలి కదా.

అప్లికేషన్‌లో ఎక్కువ టైమ్ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) మీద పెట్టండి. "చిన్నప్పటి నుంచీ ప్రపంచ రాజకీయాలంటే ఇష్టం" అని మాత్రం మొదలెట్టకండి ప్లీజ్, అందరూ అదే రాస్తారు. ఏ ప్రాంతం, ఏ సమస్య, ఇప్పటిదాకా మీరు దాని మీద ఏం చేశారు, మీకు రానిదేంటి, అక్కడ ఏ కోర్సు అది నేర్పుతుంది, ఇవి సూటిగా చెప్పండి. రికమెండేషన్ లెటర్ పెద్ద హోదా ఉన్నాయన కంటే మీ పని దగ్గరుండి చూసిన బాస్ ఇస్తేనే బాగుంటుంది. ఒకటి రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉంటే ఇంకా మంచిది. కొన్ని చోట్ల డిగ్రీ రావాలంటే రెండో భాష కూడా వచ్చుండాలి, అది ముందే చూసుకోండి.

ఫీజులు చాలా ఎక్కువ, అందుకే స్కాలర్‌షిప్ గడువు వేరేగా ఉందేమో చూడండి, సీటొచ్చాక కూడా ఇంకొంచెం ఇవ్వగలరా అని మర్యాదగా అడగొచ్చు.