పరిశోధన మొదలుపెట్టబోతున్న శిష్యురాలికి

చిరంజీవి శిష్యురాలికి ఆశీస్సులు.

ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) పూర్తిచేసి పీహెచ్‌డీలో చేరుతున్నావనీ, పక్షవాతం మీద పనిచేయాలా, మోకాళ్ల అరుగుదల మీద పనిచేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. జబ్బును ఎంచుకునే ముందు, ఆ జబ్బు ఉన్న మనిషి తన ఇంట్లో ఏ పని చేసుకోలేక బాధపడుతున్నదీ తెలుసుకోవాలని నా అభిప్రాయం.

నా ఎంపీటీ థీసిస్‌లో మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో గోనియోమీటర్‌తో కొలిచాను. వ్యాయామాల తరువాత కొలత పెరిగిందని సంతోషించాను కూడా. చివరి రోజున వరినాట్లకు వెళ్లే ఒక పెద్దావిడ "ఈ ఏడు నాటుకు దిగొచ్చా అమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమె నా దగ్గరికి వచ్చిందే అందుకోసమని తెలిసినా, అన్ని నెలల్లో ఆ సంగతి ఒక్కసారి కూడా నమోదు చేయలేదు. ఆ తప్పు నువ్వు చేయకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మోకాళ్ల అరుగుదలకు ఎన్నో దేశాల్లో వాడే వోమాక్ ప్రశ్నావళినే చూడు. అందులోని 24 ప్రశ్నల్లో మేజోళ్లు తొడుక్కోవడం, కారెక్కి దిగడం, స్నానపు తొట్టెలోకి దిగి పైకి రావడం ఉన్నాయి కానీ, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చుని లేవడం లేవు. ఇటువంటి ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, మళ్లీ ఇంగ్లీషులోకి తిరగరాయించి సరిచూసుకోవడం అవసరమే. అయితే మన వాళ్ల రోజువారీ పనులు అందులో ఉన్నాయా లేవా అన్నది అంతకన్నా ముందు చూడాలి. నన్నడిగితే ఆ ఒక్క పనికే మూడేళ్లు వెచ్చించవచ్చు.

పక్షవాతం వైపు మొగ్గితే అటెండ్ అధ్యయనాన్ని శ్రద్ధగా చదువు. రోగి ఇంటివాళ్లకే శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయిస్తే మేలు కలుగుతుందా అని మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో పరీక్షించి, 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించారు. ఆరు నెలల తరువాత చనిపోయినవారూ, ఇతరుల మీద ఆధారపడినవారూ కలిపి ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చిన వర్గంలోనూ, మామూలు చికిత్స పొందిన వర్గంలోనూ 47 శాతమే, తేడా లేదు. మంచి జరుగుతుందని నేనెంతో ఆశపడ్డాను. అయినా ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందువల్లే, శిక్షణ ఎంతసేపు ఇవ్వాలి, ఇంట్లో నిజంగా ఎంత సాధన జరిగింది అన్న తరువాతి ప్రశ్నలు మనకు స్పష్టమయ్యాయి. నీకూ ఇలాంటి ఫలితం రావచ్చు. అప్పుడు మరో కొలతను ముందుకు తెచ్చి విజయమని రాయాలనిపిస్తుంది. అందుకే మొదటి రోగిని చేర్చుకోకముందే ప్రధాన కొలత ఏదో సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చేయి. 2018 ఏప్రిల్ నుంచి అక్కడ ముందస్తు నమోదును మాత్రమే అంగీకరిస్తున్నారు.

మన వృత్తిలో చికిత్స చేసేవారికి తామేం చేస్తున్నదీ తెలియకుండా ఉంచడం సాధ్యం కాదు కనుక, కొలిచే మనిషి వేరుగా ఉండాలి, ఎవరు ఏ వర్గమో అతనికి తెలియకూడదు. ఎంతమంది రోగులు కావాలో గణాంక నిపుణుల దగ్గర కూర్చుని ముందే లెక్క వేయించు. కోతల కాలంలో సగంమంది రారనీ, బస్సు ఛార్జీలు లేక ఆగిపోయేవారుంటారనీ గుర్తుంచుకుని, ప్రయాణ ఖర్చును బడ్జెట్‌లోనే చూపించు. చాలా థీసిస్‌లు దెబ్బతినేది ఇక్కడే. అంగీకార పత్రాన్ని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాయించి, చదువురాని వారికి సాక్షి ఎదుట చదివి వినిపించు.

పీహెచ్‌డీలో పడి ఓపీకి దూరం కావద్దు. వారానికి రెండు పూటలైనా రోగుల మధ్య గడుపు.

చేరడానికి ఇంకా వ్యవధి ఉంది కదా, ఈలోగా డిశ్చార్జ్ అయిన పదిమంది ఇళ్లకు, వాళ్లు సరేనంటే, వెళ్లిరా. స్నానాల గది గడప ఎంత ఎత్తుందో, ఏ పనికి ఎవరి చేయి పట్టుకుంటున్నారో పుస్తకంలో రాసుకో. ఆ పుస్తకం తీసుకుని ఒక ఆదివారం మా ఇంటికి రా, ఇద్దరం కూర్చుని నీ ప్రధాన కొలత ఏదో తేల్చుకుందాం.

ఆశీస్సులతో,
మీ మేడమ్