రెండు సెంటర్ల మధ్య తిప్పిన షాఫ్ట్ టేపర్ వస్తుంటే

మీ చిన్న లేత్ మీద 200 మి.మీ. షాఫ్ట్‌ను రెండు సెంటర్ల (చివరల్లోని రంధ్రాల్లో ఆనే మొనల) మధ్య తిప్పితే టెయిల్‌స్టాక్ (లేత్ కుడి చివరి ఆధారం) వైపు లావుగా, అంటే టేపర్‌గా వస్తోందని, చక్‌కే (దవడలతో పట్టే బిగింపుకే) మారిపోవాలా అని అడిగారు. మారకండి. రెండు చివరలా బేరింగులు ఎక్కే షాఫ్ట్‌కి ఇదే సరైన పద్ధతి. బేరింగ్ ఎక్కించి చూడటానికి జాబ్ (తిప్పుతున్న ముక్క) తీసినా, చివరలు మార్చి పెట్టినా, సెంటర్ రంధ్రాలు శుభ్రంగా ఉంటే చాలు, అక్షం మారదు. త్రీ జా (మూడు దవడల) చక్‌లో తీసి పెడితే ఆ భరోసా లేదు.

టెయిల్‌స్టాక్ వైపు లావుగా ఉందంటే సాధారణంగా అది మీ నుంచి అవతలికి జరిగి ఉన్నట్టు. రెండు మొనలూ ఎదురెదురుగా పెట్టి కంటితో చూడటం మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. నేను నమ్మేది టెస్ట్ కట్‌నే. అదే పొడవు రాడ్ ఒకటి తీసుకుని, నడుమ సన్నం చేసి, రెండు చివరలా ఒక్కో కాలర్ (లావు పట్టీ) వదులుతాను. క్రాస్ స్లైడ్ (టూల్‌ను జాబ్ వైపు జరిపే భాగం) ముట్టుకోకుండా రెండింటి మీదా పల్చటి కట్ తీసి మైక్రోమీటర్ పెడతాను. కాలర్ల మధ్య దూరం 150, సైజులో తేడా 0.06 అనుకోండి. అందులో సగం 0.03. మొత్తం 200కి లెక్కేస్తే టెయిల్‌స్టాక్ మీ వైపు 0.04 మి.మీ. జరగాలి. డయల్ గేజ్‌ను (ముల్లుతో కదలిక చూపే గేజ్) టెయిల్‌స్టాక్ బ్యారెల్ (సెంటర్ పట్టే గొట్టం) పక్కన ఆనించి జరపండి. బోల్టు బిగిస్తుంటే ముల్లు మళ్లీ కదులుతుంది, కాబట్టి బిగించాక వచ్చిన రీడింగే లెక్క. తర్వాత ఇంకో కట్ తీసి చూడాల్సిందే.

హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే ఎడమ చివర) వైపు సెంటర్ కొనక్కర్లేదు. చక్‌లో మైల్డ్ స్టీల్ ముక్క పట్టి, కాంపౌండ్ స్లైడ్ (టూల్‌ను కోణంలో నడిపే స్లైడ్) 30 డిగ్రీలు తిప్పి 60 డిగ్రీల మొన తీయండి. పని అయ్యేదాకా దాన్ని చక్‌లోంచి తీయకండి. లేత్ డాగ్ (షాఫ్ట్‌కు బిగించే కొక్కెం) తోకను చక్ జా తోసుకుంటూ తిప్పుతుంది.

టెయిల్‌స్టాక్‌లో డెడ్ సెంటర్ (జాబ్‌తో పాటు తిరగని మొన) అయితే గ్రీజు తప్పనిసరి. జాబ్ 40 డిగ్రీలు వేడెక్కితే 200 మి.మీ. స్టీలు సుమారు 0.09 మి.మీ. సాగుతుంది. ఆ సాగుడికి చోటు లేక మొన కాలిపోతుంది. మధ్యమధ్యలో ఆపి, కాస్త వదులు చేసి, ఆట (లూజు) లేకుండా మళ్లీ బిగించుకోండి.

రెండు చివరలూ సమంగా ఉండి నడుమ మాత్రం లావుగా వస్తే టెయిల్‌స్టాక్ జోలికి పోకండి. అక్కడ షాఫ్ట్ టూల్ ఒత్తిడికి వంగుతోంది. టూల్ పదును పెట్టి, కట్ తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే ఫాలోయర్ స్టెడీ (టూల్ వెంటే నడుస్తూ షాఫ్ట్‌ను ఆపే ఆధారం) కట్టండి.