డిప్లొమా అయ్యాక పారాదీప్ పోర్టులో కన్వేయర్ మెయింటెనెన్స్ పని వచ్చింది, అనంతపురం నుంచి అంత దూరం పోవచ్చా?

ప్రశ్న పెట్టిన తమ్ముడిది ధర్మవరం. డిప్లొమా మెకానికల్ చేశాడు, ఒక కాంట్రాక్టర్ కింద పారాదీప్‌లో బొగ్గు కన్వేయర్ల (బొగ్గు మోసుకుపోయే పొడవాటి బెల్టుల) మెయింటెనెన్స్‌కి పిలుపొచ్చింది, ఇంట్లో అమ్మ మాత్రం "ఒడిశా అంటే తుఫాన్లు, వద్దు నాయనా" అంటోందట. నాది తాడిపత్రి. అక్కడ సిమెంట్ ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు చేసి, తర్వాత పారాదీప్‌లో ఇదే పని చేసి వచ్చాను కాబట్టి చెప్తున్నా: పో. కాకపోతే మీ అమ్మ భయపడాల్సింది తుఫానుకు కాదు, నీకు జీతం ఇచ్చే కాంట్రాక్టర్‌కు, నువ్వు పడుకునే గదికి గాలి ఏ వైపు నుంచి వస్తుందో దానికి.

ముందు ఊరి సంగతి. మహానది ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి హిరాకుడ్ డ్యామ్ దాటి, కటక్ పక్కగా పారి, చివరికి సముద్రంలో కలిసే చోట ఉంది పారాదీప్. మన ఊర్లలాగా కోట చుట్టూనో గుడి చుట్టూనో పెరిగింది కాదు, పోర్టు కోసమే పుట్టిన ఊరు. ఒడిశా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికని 1962 జనవరిలో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1966లో మేజర్ పోర్టు (కేంద్రం కింద ఉండే పెద్ద పోర్టు) అయింది. ఇప్పుడు ఖనిజం కంటే బొగ్గు ముచ్చటే ఎక్కువ. తాల్చేరు గనుల బొగ్గు రైలు మీద వచ్చి ఇక్కడ ఓడెక్కి ఎన్నూరు, తూత్తుకుడి, మన కృష్ణపట్నం థర్మల్ కేంద్రాల వైపు పోతుంది. 2023-24లో 14.5 కోట్ల టన్నుల సరుకు ఎత్తి, కాండ్లాను దాటి దేశంలోని మేజర్ పోర్టుల్లో మొదటి స్థానానికి వచ్చింది. ఇది కాక ఏడాదికి కోటిన్నర టన్నుల ఇండియన్ ఆయిల్ రిఫైనరీ, పెద్ద ఎరువుల ఫ్యాక్టరీలు. మన వేరుశనగ రైతులు కొనే డీఏపీ కొంత అక్కడ తయారైందే. అంటే ఈ కాంట్రాక్టర్ దగ్గర కుదరకపోయినా, పని చేతికొచ్చాక పక్క గేటులో ఇంకో పని దొరుకుతుంది. పోవచ్చు అనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. తాడిపత్రిలో ఒక ఫ్యాక్టరీ మానేస్తే మళ్ళీ యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తిరగాల్సిందే, అక్కడా సిమెంటే.

పోర్టు నదిలో ఉంటుందనుకునేవు, కాదు. నది మూతికి దక్షిణంగా తీరాన్ని తవ్వి, సముద్రంలోకి రెండు రాతి గోడలు కట్టి చేసిన హార్బర్ అది. మరబోట్లు ఉండే ఫిషింగ్ హార్బర్ మాత్రం నది వైపు ఉంది. తూర్పు తీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది, రాతి గోడ అడ్డం పడితే ఇవతల మేట వేస్తుంది, అవతల తీరం కోసుకుపోతుంది. అందుకే డ్రెడ్జింగ్ (అడుగున చేరిన ఇసుక తవ్వి తీయడం) ఆపడానికి లేదు, ఉత్తరం వైపు ఒడ్డున రాళ్ళు పేర్చి కాపాడుకుంటున్నారు.

ఇక పని. సిమెంట్ ఫ్యాక్టరీ కన్వేయర్ తెలిసినవాడికి ఇక్కడ కొత్త మెషీన్ ఏమీ ఉండదు. అదే బెల్టు, అవే రోలర్లు, అదే గేర్‌బాక్స్. కొత్తది గాలి. ఉప్పు గాలికి బోల్టు తలలు తుప్పుపట్టి స్పానర్‌కు పట్టు దొరకదు, పుల్‌కార్డ్ స్విచ్ (ప్రమాదం వస్తే తాడు లాగి బెల్టు ఆపేది) లోపల తుప్పు పట్టి లాగినా ట్రిప్ కాని సందర్భాలు ఉంటాయి, అందుకే వాటిని టెస్ట్ చేయడం తప్పించుకోవద్దు. రోలర్ బేరింగ్ జామ్ అయ్యిందంటే అది తిరగదు, బెల్టు దాని మీద రాసుకుంటూ పోయి పోయి రోలర్ పైపు అరిగి కత్తి అంచులా తయారవుతుంది, ఆ అంచే మళ్ళీ బెల్టును నిలువునా చీల్చేస్తుంది. బొగ్గు పొడి ఉన్నచోట ఆ రాపిడికి నిప్పు అంటుకున్నా అంటుకుంటుంది. సీ షిఫ్టులో, అంటే రాత్రి డ్యూటీలో, చుట్టూ కాస్త సద్దుమణిగాక గ్యాలరీ వెంట నడుస్తూ చెవితో పట్టుకోవాలి, కీచుమనే రోలర్‌కు చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకుని, బెల్టు ఆగినప్పుడు మార్చాలి. ఈ విద్య నాకు నేర్పింది ఒక ఒడియా ఫిట్టర్, ఆయన్ను మించిన ఇంజనీర్‌ను నేను చూడలేదు.

వానాకాలం వేరే కథ. మన జిల్లాలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అక్కడ దానికి రెండు మూడింతలు. తడిసిన తాల్చేరు బొగ్గు వ్యాగన్‌లోంచి ముద్దగా పడుతుంది, ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు దిగే చూట్ దగ్గర అతుక్కుని మూసుకుపోతుంది. బెల్టు వేగం పడిపోతే ఆపేసే జీరో స్పీడ్ స్విచ్ ట్రిప్ అవుతుంది, లైన్ మొత్తం ఆగుతుంది, ఓడ అక్కడ ఎదురుచూస్తుంటుంది, సూపర్‌వైజర్ ఫోన్ మీద ఫోన్. అప్పుడు చూట్‌లో రాడ్ పెట్టి పొడవమంటారు. ఎంత టెన్షన్ పెట్టినా మోటార్ ఐసొలేట్ చేయించి (కరెంటు పూర్తిగా తీయించి), నీ తాళం నువ్వు వేసుకుని, తాళంచెవి నీ జేబులో పెట్టుకున్నాకే చెయ్యి లోపల పెట్టు. "ఒక్క నిమిషం పనే కదా" అన్నవాడికి ఎదురు చెప్పినందుకు నిన్ను ఇంటికి పంపితే పంపనీ.

తుఫాను. దాచడానికేం లేదు, 1999 అక్టోబర్ 29న వచ్చిన సూపర్ సైక్లోన్ పారాదీప్ దగ్గరే తీరం దాటింది. గంటకు 260 కిలోమీటర్ల గాలి, ఎర్సమా వైపు పల్లెల మీదికి సముద్రమే లేచి వచ్చింది, రాష్ట్రంలో దాదాపు పదివేల మంది పోయారు. ఆ ఊర్లలో యాభై దాటినవాళ్ళెవరిని కదిలించినా ఆ రాత్రి గురించే చెప్తారు. కానీ దాని తర్వాత ఒడిశా మారింది. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు, విపత్తులకని ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. 2019లో ఫణి వచ్చినప్పుడు పన్నెండు లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్ళ లెక్క పదుల్లో ఆగింది. నేనున్నప్పుడు కూడా తుఫాను వచ్చింది. ప్రమాద సూచిక పెరిగే కొద్దీ పని మారుతుంది: హార్బర్‌లోని ఓడలను బయటి సముద్రానికి పంపేస్తారు (ఒడ్డుకు కట్టేసి ఉంటేనే వాటికి ప్రమాదం), స్టాకర్ రిక్లెయిమర్ల (బొగ్గు గుట్ట పోసి, మళ్ళీ ఎత్తే పెద్ద మెషీన్ల) బూమ్, అంటే పొడవాటి చెయ్యి, దించి పట్టాలకు క్లాంప్ వేస్తారు, తర్వాత అత్యవసర సిబ్బంది తప్ప అందరినీ బయటికి పంపేస్తారు. మేము పక్కా బిల్డింగ్‌లో అటుకులు, బిస్కెట్లు పెట్టుకుని కూర్చున్నాం. గాలి కంటే ఆ తర్వాతి రోజులే విసుగు, కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అమ్మకు ముందే చెప్పి పెట్టు, తుఫాను తర్వాత ఫోన్ కలవకపోతే ఏదో అయిందని కాదు, టవర్ పడిపోయిందని అనుకోమను.

తుఫాను ఎప్పుడో వస్తుంది, దుమ్ము రోజూ వస్తుంది. బొగ్గు గుట్టల మీద నీళ్ళు చల్లుతారు, అయినా ఎండాకాలం గాలి లేస్తే తెల్ల చొక్కా సాయంత్రానికి రంగు మారుతుంది, కిటికీ గడప మీద వేలు పెడితే నల్లగా అంటుతుంది. అద్దె తక్కువని బొగ్గు యార్డ్ పక్కన గది తీసుకోవద్దు. గది చూడ్డానికి పోయినప్పుడు ఫ్యాన్ రెక్కల మీద, పక్కింటి డాబా మీద చూడు, ఓనర్ చెప్పని సంగతి అక్కడ కనిపిస్తుంది. డ్యూటీలో మామూలు గుడ్డ మాస్క్ చాలదు, ఎన్95 అడిగి తీసుకో.

కాంట్రాక్టర్ సంగతి ఆఖర్న చెప్పినా అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. నేను చేసిన ఒక కాంట్రాక్టర్ జీతంలోంచి పీఎఫ్ పట్టేవాడు, ఖాతాలో మాత్రం వేసేవాడు కాదు. ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూస్తే ఖాళీ. పదిమందిమి కలిసి పోయి పని ఇచ్చిన అసలు సంస్థ హెచ్‌ఆర్ దగ్గర కూర్చున్నాకే కదిలాడు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు సంస్థే కట్టాలని చట్టంలో ఉంది, ఆ మాట తెలిసినవాడితో వాళ్ళు మాట్లాడే తీరే వేరు. అందుకే బయల్దేరే ముందే ఆఫర్ కాగితం మీద రాయించుకో: చేతికి ఎంత, ఓటీ రెట్టింపా కాదా, గది, మెస్ ఎవరి ఖర్చు. "రా, ఇక్కడ మాట్లాడుకుందాం" అంటే రైలెక్కొద్దు. పోర్టు గేట్ పాస్‌కు పోలీస్ వెరిఫికేషన్ కావాలి, అది మన ఊర్లోనే చేయించుకుని పో, అక్కడికి పోయాక చేయించాలంటే పాస్ వచ్చేదాకా జీతం లేకుండా గదిలో పడుకోవాలి.

మనవాళ్ళు బతకగలరా అంటే, తెలుగు మాట నీకు కొత్త ఊర్లో కూడా వినబడుతుంది. సంధకూద్ వైపు మత్స్యకారుల బస్తీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళను అక్కడ నోలియాలు అంటారు. వాళ్ళ తెలుగు మన తెలుగుకు బాగా దూరం, "యాడికి పోతాండావ్" అంటే నవ్వుతారు, కానీ చేప కొనేటప్పుడు ధర తగ్గిస్తారు. మెస్‌లో పప్పు కారం లేకుండా ఉంటుంది, చేపల కూరలో ఆవాల ముద్ద వేస్తారు, మొదట్లో గొంతు దిగదు. ఎండాకాలం వాళ్ళు తినే పఖాళ మాత్రం మన సద్దన్నమే, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టుకుంటే కడుపు చల్లబడుతుంది. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజకు ఊరంతా కదులుతుంది, మనం దసరాకు ఆయుధ పూజ చేసినట్టు ప్రతి షెడ్‌లో పూజ ఉంటుంది. ఆ వారం సెలవు అడిగితే ఒడియా వాళ్ళు బాధపడతారు, దసరాకు అడుగు, ఇస్తారు.

దారి సులువే. బెంగళూరు–భువనేశ్వర్ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ధర్మవరం మీదుగానే పోతుంది, రైలు మారే పని లేకుండా భువనేశ్వర్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి కటక్, కటక్ నుంచి పారాదీప్‌కు రైలూ ఉంది, బస్సూ ఉంది. శనగకాయల పొడి, గుంటూరు కారం కాస్త ఎక్కువే పెట్టుకో, గదిలో ఉన్నవాళ్ళు అడుగుతారు. ఆఫర్ కాగితం వచ్చాక పేర్లు, నంబర్లు చెరిపేసి కింద పెట్టు, చూసి చెప్తా.